బతికున్న మెడ నుంచి బతికున్న మెడకి

బర్ల్ హార్గిస్ పోయినప్పుడు మా టాలిస్ ఫెర్రీ పేపరులో నాలుగు మాటలు వేశారు. కాగితం మిల్లులో పనిచేశాడు, యూనివర్సిటీ కుక్కని పెంచాడు, భార్య ఆర్డిత్ ఉంది, అదృష్టవంతుడు. మొదటి మూడూ నిజమే. నాలుగోది చదివాక నాకు ఒళ్లు మండిపోయి, ఆ పేపరుతోనే పొయ్యి అంటించుకున్నాను.

నా పేరు డ్యూయీ. మెయిన్ స్ట్రీట్‌లో క్షవరం షాపు మొన్నటిదాకా నాదే, అంతకుముందు మా నాన్నది. బర్ల్ నా చిన్ననాటి స్నేహితుడు. నాకు ఫుట్‌బాల్ అంటే పెద్దగా పట్టదు. అలబామాలో ఆ మాట పైకి అంటే షాపులో కుర్చీలు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నాను. ఇప్పుడు ఆ కుర్చీలు అమ్మేశాను. ఇక నాకు ఎవరి భయమూ లేదు.

మా యూనివర్సిటీకి డీకన్ లేకపోతే ఆట లేదు. డీకన్ అంటే చర్చిలో కానుకల పళ్లెం పట్టుకు తిరిగే పెద్దమనిషి కాదు, ఎర్ర వేటకుక్క. బర్ల్ తాత రోజుల్లో మైదానం పక్కనే గడ్డిపొలం ఉండేది. ఆయన గడ్డి కోసుకుంటుంటే ఆయన కుక్క వెళ్లి ఆట గీత పక్కన కూర్చుందట. చెవులు వేలాడేసుకుని, ముఖం అంత పొడుగు చేసుకుని, అక్కడున్నవాళ్ల పాపాలన్నీ తనకే తెలిసినట్టు. "అచ్చం మా చర్చి డీకన్‌లా ఉందిరా ఇది" అన్నాడట ఎవడో. ఎప్పుడూ తన్నులు తినే మావాళ్లు ఆ రోజు గెలిచారు. ఇంకేముంది, తాత తన కంచరగాడిద కళ్లెంలోంచి ఓ తోలుముక్క కోసి, ఇత్తడి బకిల్ పెట్టి దాని మెడకి పట్టీ కట్టాడు. అప్పటినుంచీ ఎన్ని కుక్కలు మారినా పేరు డీకనే. పట్టీ అదే. పెంచేది హార్గిస్ ఇంటివాళ్లే.

దాని చుట్టూ ఎన్ని ఆచారాలు పుట్టాయో చెబితే బయటివాళ్లు నవ్వుతారు. కొత్తగా చేరిన పిల్లలు మొదటిరోజు వరసగా నిలబడి దానికి చెయ్యి వాసన చూపించాలి. ఎవరి చేతి మీద తుమ్మితే వాళ్లు లెక్కల్లో తప్పుతారు. ఆటకి ముందు జట్టు కెప్టెన్ తన చేత్తో మొక్కజొన్న రొట్టె పెట్టాలి, అది సగం తిని సగం వదలాలి. చచ్చిపోయిన డీకన్లని స్టేడియం ఉత్తర గేటు దగ్గర పాతిపెడతారు. పరీక్షల ముందు పిల్లలు ఆ సమాధుల మీద బిస్కెట్లు పెట్టి వెళతారు, తెల్లారేసరికి ఉడతలు తినేస్తాయి, డీకన్ తిన్నాడని వీళ్లు సంబరపడతారు.

ఇవన్నీ సరదాలు. సరదా కానిది ఒకటుంది. పట్టీ బతికున్న మెడ నుంచి బతికున్న మెడకే మారాలి. అది కూడా పాత విద్యార్థులందరూ ఊరికి తిరిగొచ్చే అక్టోబరు ఆట రోజున, మైదానం నడిబొడ్డున, యూనివర్సిటీ పాట పాడుతుండగా. అందాకా ఆ తోలుముక్క కుక్క మెడ దిగకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తప్పితే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు. ఒకసారి తప్పింది.

అప్పటికి బర్ల్, నేను బడిలో పక్కపక్కన కూర్చునేవాళ్లం. కుక్కని బర్ల్ నాన్న ఇమ్మెట్ చూసుకునేవాడు. మెత్తటి మనిషి. కుక్క ముసలిదైంది, పట్టీ మార్చెయ్యమని అందరూ అంటూనే ఉన్నారు. "పోన్లే, ఇంకో ఏడాది ఉండనీండి, దానికీ సరదాగా ఉంది" అని ఆయన నానుస్తూ వచ్చాడు. ఆగస్టు ఎండల్లో ఓ మధ్యాహ్నం అది వరండా మెట్ల కింద చల్లటి మట్టిలో పడుకుని ఇక లేవలేదు. పట్టీ మెడనే ఉంది.

ఆ ఏడాది మావాళ్లు ఒక్క ఆట గెలవలేదు. మొదటిది ఓడినప్పుడు జనం జోకులేసుకున్నారు. తర్వాత ఇమ్మెట్ ట్రక్కు టైర్లు కోసేశారు. మా నాన్న షాపులోకి ఆయన వస్తే మాటలు ఆగిపోయేవి, కత్తెర చప్పుడొక్కటే వినిపించేది. చర్చిలో ఎడమవైపు చివరి బల్ల మీద ఆయన కూర్చుంటే ఆ బల్లంతా ఖాళీ. బడిలో బర్ల్‌ని రోజూ కొట్టేవారు. ఓ ఆదివారం వాడు తండ్రి పక్కన కూర్చోకుండా గబగబా ముందు బల్ల దగ్గరికి వెళ్లి తల్లి పక్కన దూరాడు. "బర్ల్, ఇటు రారా" అని ఇమ్మెట్ వెనకనుంచి పిలిచాడు. వాడు తల తిప్పలేదు. ఆయన మళ్లీ పిలవలేదు. నేను మా అమ్మ పక్కనుంచి చూస్తూనే ఉన్నాను.

తర్వాత జట్టు కోలుకుంది, టైర్లు కోసినవాళ్లే ఆయనకి నమస్కారాలు పెట్టారు. ఇమ్మెట్ మాత్రం మళ్లీ స్టేడియంలో అడుగుపెట్టలేదు. కొడుకు చేతికి కుక్క గొలుసు అందించి, తను వరండాలో కూర్చుని పెకాన్ కాయలు వలుచుకుంటూ కాలం గడిపాడు. ఆయన పేరు మాత్రం ఊళ్లో మిగిలిపోయింది. పని నానబెట్టి చెడగొట్టినవాణ్ణి మా దగ్గర "ఇమ్మెట్ పని చేశావు" అంటారు. ఇమ్మెట్ ఎవరో తెలియని పిల్లలు కూడా అంటారు.

ఇలాంటి ఇంట్లో పెరిగినవాడు ఎలా ఉంటాడు? బర్ల్ అలాగే తయారయ్యాడు. మిల్లులో డ్యూటీ, ఇంట్లో కుక్క, ఆదివారం చర్చి. నవ్వు అరుదు. వాడి చేతుల మీదుగా పట్టీ మారిన ప్రతిసారీ కుక్క గంతులేస్తుండగానే మారింది, నానబెట్టడమన్న మాటే లేదు. పెళ్లినాటి నుంచీ ఆర్డిత్ వాణ్ణి ఆటపట్టిస్తూనే ఉండేది. "ఇల్లు తగలబడితే ముందు కుక్కని బయటికి తెస్తాడు, తర్వాత గొలుసు, తీరికుంటే నన్ను" అనేది. బర్ల్ కాదనేవాడు కాదు.

ఒక డీకన్ దగ్గర మాత్రం వాడి లెక్క తప్పింది. అది ముసలిది కాదు. నడివయసులో ఉండగానే వేసవి చివర దగ్గు మొదలైంది. గుండె ఉబ్బింది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది, ఎండకీ జనానికీ దూరంగా ఉంచండి, ఎన్నాళ్లో చెప్పలేను అన్నాడు పశువుల డాక్టరు. అక్టోబరు ఆటకి ఇంకా వారాలున్నాయి. కొత్త కూన అప్పుడే తల్లి పాలు మానింది.

ఆటల ఆఫీసు నుంచి కమీల్ అనే అమ్మాయి వచ్చింది. అలాంటివాళ్లంటే నాకు సాధారణంగా చిరాకు, కానీ ఈ పిల్ల మంచిది. వరండాలో నేలమీదే కూర్చుని కుక్క చెవి నిమిరింది. నేనూ అక్కడే ఉన్నాను.

"మిస్టర్ బర్ల్, పట్టీ ఇక్కడే మార్చేద్దామండీ, ఇవాళే. మీరు, నేను, ఇద్దరు పాటగాళ్లు. ఓ ఫోటో తీసి అక్టోబరులో పెద్ద తెర మీద వేస్తాం. ఎవరూ ఏమీ అనుకోరు."

"మిస్ కమీల్, అది మైదానంలో జరగాలి."

"దానికి బాగాలేదు కదండీ."

"బాగాలేదని నాకు తెలీదామ్మా? నా పక్కనే పడుకుంటోంది."

"మరి ఎందుకండీ ఇంత పట్టుదల? నియమం ఎక్కడా రాసి లేదు, నేను వెతికాను."

"రాసి లేదు," అన్నాడు బర్ల్. "మా నాన్న ముఖం మీద ఉండేది."

ఆ పిల్లకి అర్థం కాలేదు. అర్థమైన ఆర్డిత్ తలుపు తోసుకుని బయటికొచ్చింది. "ఏమయ్యా, అది కుక్కయ్యా. మీ నాన్న కాదు. దాన్ని ఇక్కడ పడుకోనీ."

బర్ల్ లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. కమీల్ కాసేపు కూర్చుని, వెళ్లొస్తానని కుక్కకి చెప్పి వెళ్లింది.

అక్కడినుంచి వాడు చేసింది సేవ కాదు, కాపలా. ఉడకబెట్టిన కోడిమాంసం చేత్తో తినిపించేవాడు. వరండాలో ఫ్యాను పెట్టి పక్కనే చాప వేసుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి దాని డొక్క మీద చెయ్యి పెట్టి చూసేవాడు. చర్చిలో కళ్లు మూసుకుని వాడు ఏం కోరుకుంటున్నాడో నాకు తెలుసు. కుక్క బాగుపడాలని కాదు. అక్టోబరు దాకా ఉండాలని. ఆ సంగతి వాడితో అనలేకపోయాను.

కుక్క అక్టోబరు దాకా ఉంది. ఆ శనివారం ఎండ మాత్రం ఆగస్టులా కాసింది. కూనని పట్టుకోవడానికి మనిషి కావాలని బర్ల్ నన్ను రమ్మన్నాడు. ఏ మైదానానికీ వెళ్లని నేను, మా జట్టు రంగు ఎర్ర చొక్కా తొడుక్కుని కూనని చంకలో పెట్టుకుని నడిచాను. డీకన్ కోసం కమీల్ చిన్న బండి తెప్పించింది. బర్ల్ వద్దన్నాడు. "నడిచి రావాలి," అన్నాడు. కుక్క నాలుగడుగులేసి నిలబడేది, బర్ల్ వంగి చెవిలో ఏదో చెప్పేవాడు, మళ్లీ నాలుగడుగులు. స్టేడియం మొత్తం దాని పేరు పెట్టి అరుస్తోంది. ఆ అరుపులకి దాని తోక కాస్త ఊగింది. అది చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎవరినో తిట్టుకున్నాను కూడా.

మైదానం మధ్య చేరగానే అది బర్ల్ బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. బ్యాండు పాట ఎత్తుకుంది. జనం టోపీలు తీసి గుండెల మీద పెట్టుకున్నారు. పాట నెమ్మదిగా సాగుతుంది, మా ఊరి నది మీద, పైన్ చెట్ల మీద. మొదటి చరణం నడుస్తుండగా బర్ల్ మోకాళ్ల మీద కూర్చుని అలవాటుగా డొక్క మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను కూన గిజగిజలాడుతుంటే దాన్ని పట్టుకునే పనిలో ఉన్నాను. మళ్లీ చూసేసరికి వాడు బకిల్ విప్పుతున్నాడు. తల పైకెత్తలేదు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. పట్టీ తీసి, నా చంకలోని కూన మెడకి పెట్టి, చివరి కన్నానికి బిగించాడు. అయినా దానికి వదులే. తర్వాత డీకన్ని రెండు చేతులా ఎత్తుకుని, దాని తలని తన మెడ కింద దాచుకుని, ఎవరివైపూ చూడకుండా నడిచి వెళ్లిపోయాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆట సగంలో ఉండగా మైకులో చెప్పారు, డీకన్ తన బాధ్యత అప్పగించాక మైదానం నుంచి బయటికెళ్లే సొరంగం దారిలో బర్ల్ చేతుల్లో ప్రశాంతంగా కన్నుమూశాడని. ఇంతలేసి మగవాళ్లు భోరుమన్నారు. ఆ రోజు మావాళ్లు గెలిచారు.

తర్వాతి వారం కూడా గెలిచారు. ఆ పై వారం, ఎన్నడూ ఓడించలేని జట్టుని వాళ్ల ఊళ్లోనే మట్టికరిపించారు. ఊరికి పిచ్చెక్కింది. జనం బర్ల్ ఇంటికి పెకాన్ కేకులు, వేయించిన కోళ్లు మోసుకొచ్చారు. "తండ్రి పోగొట్టింది కొడుకు నిలబెట్టాడు" అని నా కుర్చీలో కూర్చుని నాతోనే అన్నారు. బర్ల్ మాత్రం రోజురోజుకీ చిక్కిపోయాడు. కుక్క మీద బెంగ అనుకున్నాం. "తెచ్చినవన్నీ పక్కింటి పిల్లలకి పెడుతున్నాడు డ్యూయీ. శనివారమైతే రేడియో ముందు కూర్చుని, వీళ్లు గెలిచేకొద్దీ ముఖం నల్లబడిపోతోంది. నాకు భయంగా ఉంది," అని ఆర్డిత్ నా దగ్గర వాపోయింది.

జనవరిలో ఆఖరి పెద్ద ఆట కూడా గెలిచారు. ఆ వారంలో ఓ మధ్యాహ్నం బర్ల్ షాపుకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇంకెవరూ లేరు. మెడకి గుడ్డ కడుతుంటే అద్దంలో నా వైపు చూడకుండా అన్నాడు.

"మొదటి చరణంలోనే పోయిందిరా."

"ఏది?"

"డీకన్. నేను చెయ్యి పెట్టేసరికే ఏం లేదు. పట్టీ మెడనే ఉంది. తీసి కూనకి పెట్టేశాను."

నేను కత్తెర కింద పెట్టేశాను. "సర్లేరా, ఎవరు చూశారు," అన్నాను.

"నేను చూశాను కదా. ప్రతి శనివారం చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు ఓడతారు, ఇప్పుడు ఓడతారు అని. ఓడితే లేచి నా వల్లే అని చెబుదామని మాట కూడా సిద్ధం చేసుకున్నాను. ఒక్కటి ఓడినా బాగుండేది డ్యూయీ. ఒక్కటీ ఓడలేదు."

"గెలిస్తే నీకేం బాధరా?"

"దాంట్లో ఏమీ లేదన్నమాట," అన్నాడు. "ఆ తోలుముక్కలో. ఎప్పుడూ లేదు. మా నాన్న చేసిందల్లా, ఓ ముసలి కుక్కని నీడలో నిద్రపోనివ్వడం. నేనేమో వరండాలో పోవాల్సినదాన్ని ఎండలో ఈడ్చుకెళ్లి చంపాను. ఎందుకంటే ఆయనలా కాకూడదని." మెడకి కట్టిన గుడ్డ విప్పుకున్నాడు. "రమ్మని పిలిచాడురా ఆయన. నేను తిరిగి చూళ్లేదు."

వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆ రోజు జుట్టు కత్తిరించలేదు.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో, ఎవరైనా ఏదైనా చెప్పుకోవాలంటే చెప్పుకోమని పాస్టర్ అన్నప్పుడు బర్ల్ లేచాడు. జనంలో మాట్లాడి ఎరగనివాడు, టోపీ నలుపుతూ, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పట్టీ చచ్చిన మెడ నుంచి తీశానని. అయినా జట్టు గెలిచిందని. కాబట్టి ఆ ఏడాది ఓడిపోవడం తన తండ్రి తప్పు కాదని. "మా నాన్నకి మీరు ఓ మాట బాకీ ఉన్నారు. నేనూ ఉన్నాను," అన్నాడు.

ముందు బల్లలోంచి పాత కోచ్ ఒకాయన లేచి, ఎంతో ప్రేమగా వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"బ్రదర్ బర్ల్, నువ్వు దుఃఖంలో ఉన్నావు. ఆ క్షణంలో నీకు అలా అనిపించుంటుంది. డీకన్ బతికే ఉన్నాడు నాయనా. లేకపోతే మనం గెలిచేవాళ్లమా?"

అందరూ తలలూపారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాస్టర్ పాట మొదలుపెట్టమని సైగ చేశాడు. నాకు ఆ కోచ్‌ని లాగి ఒకటివ్వాలనిపించింది, కానీ ఆయన ముఖంలో నిజంగా జాలే ఉంది, దాన్ని ఏం చేయగలం.

బర్ల్ తన చోట కూర్చోలేదు. నడిచి వెళ్లి ఎడమవైపు చివరి బల్ల మీద, గోడవైపు కాస్త జరిగి, పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చున్నాడు. పోయేదాకా ప్రతి ఆదివారం అక్కడే. ఆర్డిత్ వెళ్లి కూర్చోబోతే, "నువ్వు ఇటు రా" అని రెండో పక్కకి పిలిచేవాడు. కొత్త పాస్టర్‌కి మాత్రం, తలుపు దగ్గర గాలి కోసం బర్ల్ అక్కడ కూర్చుంటాడని ఎవరో చెప్పారు.

పోయిన వసంతంలో వాణ్ణి ఇమ్మెట్ పక్కనే పాతిపెట్టాం. ఎర్ర చొక్కాలతో జనం బాగా వచ్చారు. యూనివర్సిటీ పంపిన పూలచక్రం మాత్రం సమయానికి రాలేదు. మట్టి కప్పడం అయిపోతుండగా, ఆటల ఆఫీసు కుర్రాడొకడు దాన్ని మోసుకుంటూ రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. ముందే వచ్చి ఓ పాత సమాధి రాతికి కాలు ఆనించి నిలబడ్డ అతని స్నేహితుడు నవ్వాపుకుంటూ గొంతు తగ్గించి అన్నాడు:

"ఇమ్మెట్ పని చేశావు కదరా."

ఆర్డిత్ ఆ కుర్రాడి కాలు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. ఆ రాయి ఇమ్మెట్‌దే.